మూడో అంతస్తులో పీట

ప్రమీల ఆ స్టూలు మీద కూర్చుని రెండు నిమిషాలు కూడా అయివుండదు.

శ్రావణమాసం. నంద్యాలలో మూడేళ్ల కిందట లేచిన ఆ బట్టల షోరూములో మూడో అంతస్తంతా పట్టుచీరలే. పొద్దున్నుంచి గిరాకీ ఊపిరి తిప్పుకోనివ్వలేదు. మూడున్నరకు కాస్త సందు దొరికింది. పై అరలు అందుకోవడానికి కౌంటర్ల వెనక రెండు చిన్న చెక్క స్టూళ్లు ఉంటాయి. ఆరో నెల కడుపుతో ఉన్న ప్రమీల అటూ ఇటూ చూసి, ఒకదాన్ని పాదంతో దగ్గరికి జరుపుకుని, కౌంటరు అంచు పట్టుకుని మెల్లగా దాని మీదికి దిగింది. చెప్పులు విడిచి, ఒక మడమను రెండో పాదంతో రుద్దుకుంటూ కళ్లు మూసుకుంది.

పక్కనే సువార్తమ్మ చీరలు మడతపెడుతోంది. ఎవరో పెళ్లివారు నలభై చీరలు విప్పించి రెండు తీసుకుపోయారు. మిగిలిన వాటికి కొంగు లోపలికి పోవాలి, అంచు పైకి కనపడాలి, జరీ విరగకుండా నడుమ కాగితం పడాలి. పాత అంగడి రోజుల నుంచి ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని కాబట్టి ఆమె చేతులు వాటంతట అవే ఆడుతున్నాయి. కళ్లు మాత్రం ప్రమీల పాదాల మీద ఉన్నాయి. చెప్పు పట్టీలు పడినచోట చర్మం లోపలికి నొక్కుకుపోయి, చుట్టూ పూరీలా పొంగింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఓనరు కొడుకు రాజశేఖర్. ముప్పై ఏళ్ల మనిషి. కొత్త షోరూము కట్టినప్పటి నుంచి మేనేజరు పని అతనే చూస్తున్నాడు. కింద ఆఫీసులో కెమెరాల తెర ముందు కూర్చుంటాడు. ఏ అంతస్తులో ఏ తల కదిలినా అతనికి తెలుస్తుంది.

గట్టిగా అరవలేదు. ప్రమీల ముందు నిలబడి, "లెయ్" అన్నాడు.

ప్రమీల కౌంటరు పట్టుకుని లేచింది. అతను వంగి స్టూలు లాగేసుకున్నాడు.

"నిలబడలేనోళ్లు ఇంటికాడ ఉండాల. షాపుకు రాగూడదు."

"కాళ్లు తిమ్మిరెక్కినాయి సార్. రొంతసేపే..."

"రేపట్నుంచి కింద గేటు కాడ నిలబడు. వచ్చేటోళ్లకు నమస్తే చెప్పు. ఆడ గాలన్నా తగుల్తాది."

పక్క కౌంటర్లలో పనిచేసే మగపిల్లలు ఇద్దరు నవ్వారు. అతను నవ్వలేదు. ఒక్కో చేతిలో ఒక్కో స్టూలు పట్టుకుని లిఫ్టు ఎక్కాడు. గంట తిరక్కుండా వాటి స్థానంలో అల్యూమినియం నిచ్చెన వచ్చింది. దాని మెట్లు బొటనవేలంత వెడల్పు. ఎక్కడానికి పనికొస్తుందే కానీ కూర్చోవడానికి పనికిరాదు.

ఎదురు కౌంటరులో హేమలత తలెత్తకుండా ధర చీటీలు సరిచేస్తోంది. శిరివెళ్ల పక్క ఊళ్లో ఒకప్పుడు బాగా భూములున్న ఇంటి కోడలు. మధ్యాహ్నం బాక్సు కూడా అందరితో కలిసి తినదు. ఎవరు ఏం మాట్లాడినా ఆమె ద్వారా ఆఫీసుకు చేరుతుందని మూడో అంతస్తులో అందరి నమ్మకం. ప్రమీల కూర్చుందని కిందికి ఫోను చేసింది ఈమేనేమో అనుకుంది సువార్తమ్మ. చేతిలోని చీర మడత తప్పింది. విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

మరుసటి రోజు పొద్దున ఆళ్లగడ్డలో, సువార్తమ్మ నీళ్లు పోసుకుని వచ్చేసరికి ఆమె తల్లి జీవమ్మ వాకిట్లో పనిలో కూర్చునివుంది. వ్యాపారి ఆటోలో పంపించిన మిరపకాయల బస్తా ఒక పక్క, తొడిమ తీసిన కాయల కుప్ప ఒక పక్క. నడుమ, ఒక మూల విరిగిన జానెడు ఎత్తు వేపచెక్క పీట మీద, మోకాళ్లు దూరంగా పెట్టుకుని ఆమె. బొటనవేలి గోరుతో తొడిమను చిటుక్కున తెంపడం, కాయను కుప్పలోకి విసరడం. డెబ్బై ఏళ్లు దాటినా ఆ చిటుకు చప్పుడు లయ తప్పదు.

సువార్తమ్మ గడపలో కూర్చుని కాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ నిన్న జరిగింది చెప్పింది. పిక్కల మీద నీలంగా మెలితిరిగిన నరాలను తల్లి కంట పడకుండా చీర కిందికి లాక్కుంది.

జీవమ్మ చెయ్యి ఆగింది.

"కడుపుతో ఉండే పిల్లనా?"

"ఆ."

"నువ్వేమంటివి?"

"ఏమంటా? చీరలు మడిచిన్యా."

జీవమ్మ  నాలుగు కాయలు తెంపింది. తర్వాత చూపుడువేలితో ఇల్లంతా చూపించింది.

"అన్నం తినేకి పీట. నీళ్లు పోసుకునేకి పీట. కూరాకు తరిగేకి కత్తిపీట. ఆవు కాడ పాలు పిండేకి పీట. ఈ గుడిసంత ఇంట్లో ఆడమనిషి కూచ్చునేకి ఇన్నున్నాయి. మూడు అంతస్తుల అంగట్లో ఒకటి లేదా?"

"అది షోరూమమ్మా. గిరాకీ ముందర కూచ్చోగూడదంట."

"గిరాకీ లేనప్పుడు?"

సువార్తమ్మ  కొంగు సర్దుకుని, బాక్సు సంచిలో పెట్టుకుని లేచింది. నంద్యాల బస్సుకు వేళవుతోంది. హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతున్న కూతురు జెస్సికాకు ఇంకో ఏడాది ఫీజు కట్టాలి. ఆ ఏడాదిని తలచుకునే నిన్న నోరు మూసుకుంది. పొద్దున్నే అద్దంలో మొహం చూసుకున్నప్పుడు ఆ మూసుకున్న నోరే కనిపించింది.

వీధి దాకా వెళ్లింది. వెనక్కి తిరిగింది.

"అమ్మా, రొంత లెయ్."

"ఏందీ?"

"ఆ పీట నాకియ్యి."

జీవమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. నేల మీద చెయ్యి ఆనించి లేచి, పీటను తిరగేసి, అడుగున అంటుకున్న మిరప గింజలను కొంగుతో తుడిచి ఇచ్చింది.

షోరూము గేటు దగ్గర ప్రమీల అప్పటికే నిలబడివుంది. కొత్తగా ఇచ్చిన ఎర్ర చీర, జడలో పూలు, జోడించిన చేతులు. వచ్చే ప్రతి మనిషికీ కొంచెం వంగుతోంది. వంగినప్పుడల్లా ఒక చెయ్యి కడుపు మీదికి పోయి, మళ్లీ రెండో చేతిని కలుస్తోంది. సువార్తమ్మను చూసి నవ్వబోయింది కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

సంచులు తనిఖీ చేసే రంగమ్మ పీటను బయటికి తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఏందక్కా ఇది?"

"పీట. కూచ్చునేది."

"లోపలికి పంపియ్యొచ్చో లేదో..."

"రాయని దాన్ని ఎట్ల ఆపుతావ్? ఫోను తీసుకపోగూడదని రాసినారు, పాన్ పరాగ్ తీసుకపోగూడదని రాసినారు. పీట తీసుకపోగూడదని యాడన్నా రాసినారా చూడు."

రంగమ్మ గోడ మీది బోర్డు చూసింది. చూసి, పీటను సంచిలో పెట్టి ఇచ్చింది.

పదకొండింటి దాకా సువార్తమ్మకు ఆ పీట గుర్తు చేసుకునే తీరిక కూడా దొరకలేదు. డోన్ నుంచి వచ్చిన వాళ్లకు పదిహేడు చీరలు చూపించింది. తన భుజం మీద కొంగు పరిచి, కుచ్చిళ్లు పోసి, అద్దం ముందు తిరిగి చూపించింది. వాళ్లు బిల్లు వేయించుకోవడానికి కిందికి దిగాక, కౌంటరు కింద నుంచి పీట తీసింది. వేసుకుని కూర్చుంది.

 నడుములో ఎక్కడో బిగుసుకున్న ముడి ఒకటి విడిపోయింది. అంత కింద నుంచి చూస్తే షోరూము వేరేగా కనిపించింది. దీపాల వెలుగు కింద, అరల అడుగున ఎవరూ తుడవని దుమ్ము, కౌంటర్ల కింద వరసగా ఆడవాళ్ల పాదాలు. ఒకరు ఎడమ కాలి మీద, ఒకరు కుడి కాలి మీద బరువు మార్చుకుంటూ నిలబడిన పాదాలు. ఒడిలో చీర పెట్టుకుని ఆమె మడత మొదలుపెట్టింది.

ఐదు నిమిషాలకు బూట్లు వచ్చాయి.

"సువార్తమ్మా, ఏందిది?"

"చీరలు మడుస్తాండా సార్."

"లేసి నిలబడి మడువు."

"గిరాకీ లేదు గదా సార్. వస్తానే లేస్తా."

"నేనొచ్చినా. లెయ్."

చుట్టూ కౌంటర్లలో చేతులు ఆగిపోయాయి. సువార్తమ్మ చీర అంచును వేళ్లతో నిమిరింది.  

"గిరాకీ వస్తే లేస్తా సార్. మీరొస్తే లేయను. మీరు చీర కొనేకి రాల్యా."

రాజశేఖర్ చెవులు ఎర్రబడ్డాయి. "పనిలో ఉండాల్నని ఉందా, లేదా?"

"ఉంది. అందుకే కూచ్చున్యా. ఇట్లే నిలబడితే ఇంకో రెండేండ్లకు ఈ కాళ్లు నన్ను మోయవు."

అప్పుడే లిఫ్టు తెరుచుకుని ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. సువార్తమ్మ చటుక్కున లేచి, "రాండమ్మా, రాండి. పెళ్లికా, పేరంటానికా?" అని ఎదురెళ్లింది. మొదటి చీర పరిచి ఇటు తిరిగేసరికి పీట లేదు. రాజశేఖర్ దాన్ని చంకలో పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

ఆమె మిగిలిన రోజంతా, గిరాకీ లేనప్పుడల్లా, కౌంటరు వెనక నేల మీద కూర్చుంది. బండలు చల్లగా ఉన్నాయి. లేచినప్పుడల్లా మోకాళ్లు కలుక్కుమన్నాయి. అయినా ఎనిమిదిసార్లు కూర్చుంది, ఎనిమిదిసార్లు లేచింది. సాయంత్రం ఆఫీసు నుంచి కబురు వచ్చింది: రేపు పదింటికి పెద్దాయన వస్తాడు, ఆయన ముందు తప్పయిందని రాసివ్వాలి, లేకపోతే ఇక రానక్కరలేదు.

మర్నాడు పొద్దున జీవమ్మ రెండు ఇటుకల మీద గోనెపట్ట వేసుకుని కూర్చునివుంది. పీట ఏమైందని అడిగింది. షాపులో లాక్కున్నారని చెప్పింది సువార్తమ్మ.

"మనదే గదా. అడిగి తెచ్చుకో" అంది జీవమ్మ, కాయ తెంపుతూ.

షోరూము తెరవగానే సువార్తమ్మ తన కౌంటరు తుడిచింది. చుట్టూ ఉన్న వాళ్లతో, "నేను ఆఫీసుకు పోతాండా. తప్పయిందని రాసియ్యను. తీసేస్తే తీసేస్తారు. ఒక్కమాట చెప్పాల్నని చెప్తాండా, ప్రమీలను అట్ల గేటు కాడ నిలబెట్టింది నాకు సరిపోల్యా" అంది.

 ఒకామె చీరల కట్ట విప్పుతూ అటు తిరిగింది. ఇంకొకామె కళ్లు తుడుచుకుంది కానీ నోరు తెరవలేదు. హేమలత ఎప్పటిలాగే ధర చీటీలు సరిచేస్తోంది. వాళ్ల మీద సువార్తమ్మకు కోపం రాలేదు. మొన్న తానూ చీరలే మడిచింది.

ఆఫీసు గదిలో ఏసీ చల్లగా వేసివుంది. గోడ మీద పదహారు గళ్ల తెర. దాని పక్కన మెత్తటి కుర్చీలో పెద్దాయన శేషయ్య. డెబ్బై దాటిన మనిషి, పాత బజారులో చిన్న అంగడితో మొదలుపెట్టినవాడు. ఎడమ పాదం వాచి, చెప్పులో పట్టక, తెల్లటి గుడ్డ చుట్టివుంది. ఆ పాదం కింద ఎత్తుగా ఉండడానికి ఒక పీట వేశారు.

సువార్తమ్మ దాన్ని గుర్తుపట్టింది. వేపచెక్క. ఒక మూల కొంచెం విరిగింది.

"కూచ్చోమని చెప్పేకి నోరు రావడంల్యా, నువ్వు చేసిన పనికి" అన్నాడు శేషయ్య. గొంతులో కోపంకంటే అలసటే ఎక్కువ. "ఇన్నేండ్ల నుంచి ఉన్నావ్. నీకేమైంది సువార్తమ్మా?"

"మీ కాలికేమైంది సార్?"

"వాచింది. డాక్టరు ఎత్తుగా పెట్టుకోమన్యాడు."

"దేని మీద పెట్టుకున్యారు?"

శేషయ్య కిందికి చూశాడు. కొడుకు వైపు చూశాడు. "ఏందిది?"

"నిన్న మేడ మీద పట్టుకున్యా నాయనా. ఈమెదే" అన్నాడు రాజశేఖర్.

"మా అమ్మది" అంది సువార్తమ్మ. "ఆమె ఇప్పుడు ఇటికల మీద కూచ్చోని తొడిమలు తీస్తాంది."

పెద్దాయన పాదం తీయబోయాడు. నొప్పికి మొహం ముడుచుకుంది.

"తీయొద్దులే సార్, ఉండనియ్యండి. వాచిన కాలికి పీట కావాల. మీ కాలికి డాక్టరు చెప్పినాడు, మా కాళ్లకు ఎవురూ చెప్పల్యా, అంతే తేడా." ఆమె చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తింది. పిక్కల మీది నీలి నరాలు ఏసీ గది తెల్లటి వెలుగులో వానపాముల్లా మెలికలు తిరిగి కనిపించాయి. "చూడండి. పాత అంగట్లో ఇవి లేవు. ఆడ మీరూ నేనూ ఒకే పరుపు మీద కూచ్చోని అమ్మినాం. ఏ గిరాకీ వచ్చి కూచ్చున్యారేమని అడగల్యా."

శేషయ్య చూపు తిప్పుకున్నాడు. కాసేపు బల్ల మీది కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సరే. నువ్వు పెద్దదానివి. కింద బిల్లు కౌంటర్లో నీకు చోటిస్తా. తిరిగే కుర్చీ. రోజంతా కూచ్చోనే పని. రాసిచ్చేది ఏమొద్దు. కానీ పైన ఎవురితోనూ ఈ మాట అనొద్దు. నీకొక్కదానికే."

సువార్తమ్మ కళ్ల ముందు ఆ కుర్చీ కదిలింది. నల్లటి దిండు, వీపుకు ఆనుకునే పట్టీ. ఆమె నడుము ఆ మాట విన్నట్టుగా ఒక్కసారి జివ్వుమంది. ఒక ఏడాది గడిస్తే జెస్సికా చదువు అయిపోతుంది. ఎవరికీ చెప్పనక్కరలేదు. రేపటి నుంచి కాళ్లకు నూనె రాసుకునే పని కూడా ఉండదు.

తెర మీద కింది వరసలో గేటు గడి ఉంది. అందులో ఎర్ర చీర మనిషి వంగింది, లేచింది, వంగింది.

"వద్దు సార్" అంది. "ముందు ప్రమీలను పైకి పంపియ్యండి. స్టూళ్లు తెప్పియ్యండి, అందరికీ. అప్పుడు నన్ను యాడ వేసినా చేస్తా."

"అందరికీనా!" రాజశేఖర్ బల్ల మీద చరిచాడు. "చూస్తివా నాయనా? ఒకరికిస్తే అందరూ కూచ్చుంటారు. నేను చెప్పింది ఇదే. ఈమెను పంపియ్యి. మిగతా ఎవురూ ఈమె మాట వినరు. పొద్దున్నే చూసినా గదా తెరలో, ఒక్కరూ తల ఊపల్యా."

"నేను పోను" అంది సువార్తమ్మ. అక్కడే, వాళ్లిద్దరి ముందు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నా కౌంటరు మీద నిన్నటి చీరలు ఆరున్నాయి మడిచేకి. అవి మడువొద్దంటే చెప్పండి. ఇంకొకర్ని పెట్టుకుంటామంటే చెప్పండి. నేను తప్పు చేసిన్యానని మాత్రం చెప్పొద్దండి."

రాజశేఖర్ ఫోను తీశాడు, రంగమ్మను పిలిచి ఈమెను బయటికి తీసుకుపొమ్మని చెప్పడానికి. నంబరు నొక్కుతూ తెర వైపు చూసి ఆగిపోయాడు.

మూడో అంతస్తు గడిలో హేమలత చేతిలోని చీటీలను కౌంటరు మీద పెట్టింది. గోడకున్న ఫోను తీసి, కింది అంతస్తుకు కాబోలు, రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. తలెత్తి కెమెరా వైపు సూటిగా చూసింది. ఆ చూపు ఆఫీసులో ఉన్న ముగ్గురి మీదా పడినట్టయింది. తర్వాత ఆమె తల మెల్లగా కిందికి దిగి, కౌంటరు వెనక మాయమైంది.

"హేమలతనా?" అన్నాడు రాజశేఖర్. ఆ ఆశ్చర్యం సువార్తమ్మది కూడా. మూడేళ్లుగా ఆమెకు ఎదురుగా పనిచేస్తూ ఒక్కసారైనా అన్నం తిన్నావా అని అడగలేదని అప్పుడు తట్టింది.

పక్క కౌంటరులో ఇంకో తల దిగింది. తర్వాత ఇంకొకటి. పొద్దున అటు తిరిగి కట్ట విప్పినామె, కళ్లు తుడుచుకున్నామె, మొన్న నవ్విన ఇద్దరు మగపిల్లల్లో ఒకడు. కాసేపటికి రెండో అంతస్తులో డ్రస్సుల దగ్గర కూడా మొదలైంది. ఒక్కో గడిలో అరలు, దీపాలు, చీరలు కట్టిన బొమ్మలు మాత్రం మిగిలాయి. మనుషులు లేని షాపులా కనిపించింది. గేటు గడిలో ఎవరో ప్రమీల చెవిలో ఏదో చెప్పారు. ఆమె గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. చేతులు జోడించడం మాత్రం మానలేదు. అప్పుడే లోపలికొస్తున్న ఒక ముసలాయనకు కూర్చునే నమస్తే చెప్పింది. ఆయన కూడా చెప్పి లోపలికి వచ్చాడు.

"గిరాకీ వచ్చినారు, గిరాకీ!" రాజశేఖర్ తెర మీద వేలు పెట్టాడు. మూడో అంతస్తులో తల్లీకూతుళ్లు ఇద్దరు హేమలత కౌంటరు ముందుకొచ్చి, ఎవరూ కనపడక, వంగి చూశారు. వాళ్ల పెదవులు కదిలాయి. కింద నుంచి ఏం జవాబు వచ్చిందో కానీ, తల్లి నవ్వి, గిరాకీ కోసం వేసిన మెత్తటి బల్ల మీద కూతురిని పక్కన కూర్చోబెట్టుకుంది. కౌంటరు అడుగు నుంచి రెండు చేతులు లేచి, ఆకుపచ్చ చీర ఒకటి పైన పరిచాయి. అంచు సర్దాయి. కొంగు తిప్పి చూపించాయి.

శేషయ్య ముందుకు వంగి ఆ చేతులనే చూశాడు. చాలాసేపు చూశాడు.

"పైకి పో" అన్నాడు కొడుకుతో.

"నేనా? ఫోన్లో చెప్తా నాయనా."

"ఫోను తీసేకి ఎవరన్నా లేయాల గదా. ఎవురు లేస్తారు? పో. పోతా పోతా ఆ కడుపు పిల్లను లోపలికి రమ్మను. పైన ఎన్ని స్టూళ్లు కావాల్నో అడిగిరా."

"నాయనా, నేను పోయి అడిగితే..."

"నువ్వే లాక్కుంటివి. నువ్వే అడుగు. బేగా పో."

తలుపు మూసుకుంది.  పెద్దాయన సువార్తమ్మ వైపు చూడలేదు, ఆమె ఆయన వైపు చూడలేదు. ఇద్దరూ తెర చూస్తున్నారు.

రాజశేఖర్ మూడో అంతస్తు గడిలోకి వచ్చాడు. నడుమున రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. ఏదో అన్నాడు. ఏ కౌంటరు వెనక నుంచీ ఒక్క తల కూడా లేవలేదు. కెమెరా వైపు తిరిగి చూశాడు. తర్వాత హేమలత కౌంటరు దగ్గరికి పోయి, అంచు పట్టుకుని వంగాడు. అలా వంగినా మాట అందలేదేమో, చుట్టూ తిరిగి కౌంటరు వెనక్కి పోయాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర కొంచెం పైకి లాక్కుని, గొంతుక్కూర్చున్నాడు.

తెర మీద మూడో అంతస్తులో నిలబడి ఉన్నవాళ్లు ఇప్పుడు ఒక్కరూ లేరు.